తెర మీద చోటు ఎవరిది?

డి.టి.పి., డిజైనింగు పని నేర్చుకొంటున్న మీలో చాలామందికి ఇంట్లో గాని, శిక్షణ కేంద్రంలో గాని అందేది ఒక మామూలు ల్యాప్‌టాప్. పదిహేనున్నర అంగుళాల తెర, దాని మీద అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలు. ఇటువంటి తెర ముందు కూర్చుని, "పెద్ద మానిటరు కొంటే తప్ప ఈ పని మనకు రాదు" అని నిరుత్సాహపడేవారున్నారు. ఆ అభిప్రాయంతో నేను ఏకీభవించను. అలాగని చోటు చాలదన్న మాట అబద్ధమనీ అనను. ముందు లెక్క చూద్దాం.

ఎ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు, ఎత్తు 297 మిల్లీమీటర్లు. అంగుళానికి 96 చుక్కల లెక్కన దానిని నూరు శాతం కొలతలో చూపాలంటే 794 చుక్కల వెడల్పు, 1123 చుక్కల ఎత్తు కావాలి. మీ తెర ఎత్తే 768. అందులో పైన టైటిలు పట్టీ, మెనూ పట్టీ, పనిముట్ల పట్టీ, స్కేలు. అడుగున స్టేటస్ పట్టీ, విండోస్ టాస్క్‌బార్. ఇవన్నీ తమ వాటా తీసుకొన్నాక పేజీకి మిగిలేది సుమారు 550 చుక్కలు. అంటే మీకు కనిపించేది సగం పేజీ.

కొలత తగ్గించి మొత్తం పేజీని చూసుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. ఇంగ్లీషు అక్షరాలకైతే అది కొంతవరకు సరే. తెలుగుకు అలా కుదరదు. 12 పాయింట్ల అక్షరానికి నూరు శాతంలో 16 చుక్కల ఎత్తు దక్కుతుంది. సగానికి తగ్గిస్తే 8 చుక్కలే. ఆ ఎనిమిది చుక్కల్లోనే పైన గుడి, మధ్యన అక్షరం, కింద ఒత్తు అన్నీ ఇమడాలి. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా తెలియదు. 'స్త్రీ' వంటి మాటలో ఒత్తులు రెండూ కలిసి ఒక మరకలా కనిపిస్తాయి. పై పంక్తి ఒత్తు కింది పంక్తి గుడికి తగులుతున్నదీ లేనిదీ గమనించలేరు. శుభలేఖలో పెళ్లికూతురి పేరుకు దీర్ఘం పోతే, అది వెయ్యి కార్డులు అచ్చయ్యాక బయటపడితే, ఆ కాగితం ఖర్చు ఎవరు భరిస్తారు? కొత్తగా చిన్న దుకాణం పెట్టుకొన్నవారికి అది సామాన్యమైన దెబ్బ కాదు. కాబట్టి తెలుగు పని చేసేవారికి తెర మీద చోటు అన్నది సౌకర్యానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు.

నా అభిప్రాయం ఇది: తెర మీద మొదటి హక్కు పేజీది. తక్కినవన్నీ పిలిచినప్పుడు రావలసినవే. కాని సాఫ్ట్‌వేరును మొదటిసారి తెరిచినప్పుడు ఏం కనిపిస్తుంది? కుడివైపు నాలుగైదు పలకలు బార్లా తెరుచుకొని ఉంటాయి. తన దగ్గర ఉన్నవన్నీ చూపించుకోవాలని తయారుచేసినవారికి ఉంటుంది. అది సహజమే. వంట చేసేటప్పుడు ఇంట్లోని గిన్నెలన్నీ పొయ్యి చుట్టూ పేర్చుకోం కదా! శుభలేఖ చేసేటప్పుడు వీడియోకు సంబంధించిన పలకతో మీకు పని లేదు. మూసివేయండి.

ఫోటోషాప్‌లోనూ, ఇన్‌డిజైన్‌లోనూ, గింప్‌లోనూ ట్యాబ్ కీ ఒక్కసారి నొక్కితే పలకలన్నీ మాయమవుతాయి. మళ్లీ నొక్కితే తిరిగి వస్తాయి. (అక్షరాలు టైపు చేస్తున్నప్పుడు మాత్రం నొక్కకండి, పంక్తిలో ఖాళీ పడుతుంది.) కోరల్ డ్రాలో ఎఫ్9 నొక్కితే బొమ్మ ఒక్కటే తెరంతా పరుచుకొంటుంది. షిఫ్ట్ పట్టుకొని ఎఫ్4 నొక్కితే పేజీ మొత్తం కిటికీలో సరిపోతుంది. ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్‌లో 5 అంకె పేజీ మొత్తాన్ని చూపిస్తుంది, 3 అంకె మీరు ఎంచుకొన్న భాగాన్ని తెరనిండా తెస్తుంది. కూర్పు చూడడానికి మొత్తం పేజీ, అక్షరాలు దిద్దడానికి దగ్గరి చూపు. ఈ రెండింటి మధ్య క్షణంలో మారగలిగితే చిన్న తెర మీద సగం ఇబ్బంది తీరినట్లే. మౌసుతో మెనూలో వెతుక్కొనేవారికి ఈ మార్పు విసుగు పుట్టిస్తుంది, అందుకే వారు దిద్దకుండా వదిలేస్తారు.

అయితే అన్నీ దాచడం కూడా నేర్పరితనం కాదు. కొత్తవారు పొరల పలకను, అంటే లేయర్లను, కంటి ఎదుటే ఉంచుకోవడం మంచిది. ఏ పొర మీద ఉన్నామో తెలియక పొరపాటున వెనుక ఉన్న బొమ్మను చెరిపేసేవారు ఎక్కువ. ఆ పలకకు ఇచ్చిన చోటు వృథా కాదు.

ఇంకొక సంగతి గమనించండి. ఈనాటి తెరలకు వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ. కనుక పలకలను పక్కన పెట్టండి, పైనా కిందా పెట్టకండి. టాస్క్‌బార్ దానంతట అదే దాగేటట్లు అమర్చుకోండి, సుమారు 40 చుక్కలు కలిసివస్తాయి. విండోస్‌లో అక్షరాల కొలత 125 శాతం అని ఉందేమో చూడండి. అలా ఉంటే మీ 1366, 768 చుక్కల తెర ప్రోగ్రాములకు 1093, 614 చుక్కల తెరలాగా మాత్రమే పనికివస్తుంది. కళ్లకు ఇబ్బంది లేనివారు దానిని నూరుకు తగ్గించుకోవచ్చు. కళ్లు శ్రమపడేవారు తగ్గించవద్దు. చిన్న తెర మీద కొన్ని పెట్టెల అడుగున ఉండే 'ఓకే' బొత్తాం తెర దిగువకు జారిపోతుంది. కంగారుపడి కంప్యూటరు ఆపేయకండి. ఆల్ట్, స్పేస్ కలిపి నొక్కి, తర్వాత ఎం అక్షరం నొక్కితే, బాణం కీలతో పెట్టెను పైకి జరపవచ్చు.

మానిటరు కొనే స్తోమత ఉంటే కొనవద్దని చెప్పను. కాని కొత్త వెడల్పు మానిటరు కోసం అప్పు చేసే ముందు, పాత సామాన్ల దుకాణంలో 1280, 1024 చుక్కల పాత చదరపు మానిటరు ఉందేమో అడగండి. సినిమా చూడడానికి అది బాగుండదు. పేజీ పనికి మాత్రం మీ ల్యాప్‌టాప్ కంటే 256 చుక్కల ఎత్తు ఎక్కువ ఇస్తుంది. 1973లో జిరాక్స్ సంస్థ పరిశోధకులు తయారుచేసిన ఆల్టో కంప్యూటరు తెర నిలువుగానే ఉండేది, నిలబెట్టిన కాగితం ఆకారంలో. కాగితం పనికి కాగితం ఆకారమే తగినదని వారు తలచారు. తర్వాత తెరలు అడ్డంగా సాగింది మన పని కోసం కాదు.

శిక్షణ కేంద్రంలో ఒకే కంప్యూటరును మీ తర్వాత మరొకరు వాడతారు. మీరు పలకలన్నీ దాచి లేచి వెళితే, వచ్చినవారు యంత్రం చెడిపోయిందనుకొని సమయం పోగొట్టుకొంటారు. లేచేముందు ట్యాబ్ కీ మళ్లీ ఒకసారి నొక్కి వెళ్లండి. మీకు నచ్చిన అమరికను 'వర్క్‌స్పేస్' పేరుతో మీ పేరున భద్రపరచుకొంటే, మరునాడు దానిని తిరిగి తెచ్చుకోవడం ఒక్క నిమిషం పని.