నాచా మేళము - నగర రంగస్థలము

మన దేశమున నాటకరంగచరిత్ర వ్రాయువారు నాటకకర్తల పేళ్లను, పోషకుల పేళ్లను, పిమ్మట ప్రసిద్ధనటుల పేళ్లను వరుసగా పేర్కొని తృప్తి నొందుచుందురు. రంగస్థలముపైకి ఎవరి కథ వచ్చినది? ఎవరి పలుకు వచ్చినది? ఎవరు వాకిటనే నిలిచిపోయిరి? ఈ ప్రశ్నలు వారి లెక్కలో చేరవు. వీనికి ప్రదర్శనములతోనే సమాధానము చెప్ప యత్నించిన దర్శకులు హబీబ్ తన్వీరుగారు. 2009 జూను 8వ తేదీన భోపాలులో వారు దివంగతులైనపుడు దేశమందలి పత్రికలు వారిని విశేషముగా కీర్తించినవి. కీర్తించుట సులభమే. వారి యేబదియేండ్ల కృషి దేనికొరకు జరిగినది, అందలి చిక్కులెట్టివి, తెలుగువారు దానినుండి గ్రహింపదగిన దేమి అని విచారించుట యంత సులభము కాదు. నేడు మేము తలపెట్టినది ఆ విచారణయే.

తన్వీరుగారు 1923 సెప్టెంబరు 1న రాయపూరులో జన్మించిరి. తన్వీరు అనునది వారు కవిగా ధరించిన పేరు. 1945లో బొంబాయి చేరి, అభ్యుదయ రచయితలతోను, మన ప్రజానాట్యమండలికి మాతృసంస్థ యగు భారత ప్రజానాట్య సంఘముతోను కలిసి పనిచేసిరి. 1954లో ఢిల్లీకి వచ్చిరి. ఆ సంవత్సరముననే ప్రదర్శింపబడిన 'ఆగ్రా బజార్' వారి మార్గమును నిర్ణయించినది.

ఆ నాటకము నజీర్ అక్బరాబాదీ యను ఉర్దూ కవిని గురించినది. చిత్రమేమనగా ఆ కవి రంగముపై నొక్కసారియైనను కనబడడు. కనబడునది బజారు. ఒకవైపు పుస్తకముల యంగడి. అచ్చట పండితులు చేరి నజీరు కవియే కాడని తీర్మానించుచుందురు. వేఱొకవైపు గాలిపటముల యంగడి. అచ్చట నజీరు పద్యములే యందఱి నోటను. నడుమ నొక దోసకాయలమ్మువాడు. సరకు అమ్ముడుపోదు. దానిమీద నొక పాట కట్టించుకొన్నచో కొనువారు వత్తురని వానికి తోచును. పేరుగల కవు లెవ్వరును వ్రాసి యియ్యరు. నజీరు వ్రాసి యిచ్చును. దోసకాయలు చెల్లిపోవును. కథ యింతియే. కాని కవిత్వమునకు విలువకట్టు నధికార మెవరిదను పెద్ద ప్రశ్న యీ చిన్నకథలో నిమిడియున్నది. దీనిని ఆడినవారిలో జామియా మిలియా విద్యార్థులతోపాటు, నాటకశాలల మొగ మెఱుగని ఓఖ్లా గ్రామవాసులును ఉండిరి.

1955లో తన్వీరుగారు ఇంగ్లండునకేగి లండనులోను బ్రిస్టలులోను నాటకవిద్య నభ్యసించి, ఐరోపాఖండము తిరిగి 1956లో బెర్లిను చేరిరి. మహానాటకకర్త బ్రెక్టు అంతకు కొలది వారముల ముందే మరణించెను. గురువు లేకున్నను గురువుగారి నాటకములు ఆడబడుచునే యుండెను. వానిని మాసములతరబడి చూచిరి. విదేశములకేగిన మనవారు తఱచుగా అచ్చటి నకలును పెట్టెలో పెట్టుకొని వత్తురు. తన్వీరుగారు తెచ్చుకొన్నది నకలు కాదు, తన యింటివైపు చూడవలెనను బుద్ధి.

1958లో స్వస్థలమగు రాయపూరునకు మరలివచ్చినపుడు నాచా ప్రదర్శన మొకటి చూచిరి. నాచా యనునది ఛత్తీస్‌గఢ గ్రామములందలి మేళము. మన వీధిభాగవతమునకు దూరపుచుట్ట మనదగినది. రాత్రి తెల్లవార్లు ప్రహసనములు, పాటలు, నృత్యము సాగును. ఆడువారు రైతులు, కూలీలు, చేతిపనులవారు. జమీందారుని, పురోహితుని, వడ్డీవ్యాపారిని ఎదుట కూర్చుండబెట్టికొనియే వారు వెక్కిరింతురు. అట్టి నటుల నార్గురను తన్వీరుగారు ఢిల్లీకి తోడ్కొనిపోయి, శూద్రకుని 'మృచ్ఛకటికము'ను 'మిట్టీ కీ గాడీ' యను పేర ఆడించిరి. మఱుచటి సంవత్సరము, 1959లో, తనకు సహధర్మచారిణియైన మోనికా మిశ్రాగారితో కలిసి 'నయా థియేటర్' స్థాపించిరి.

సంస్కృతనాటకమును పల్లెటూరివారిచే నాడించుట అపచారమని కొందఱు పండితు లాక్షేపించిరి. ఈ యాక్షేపణ మాకు వింతగా తోచుచున్నది. మృచ్ఛకటికమున రాజు మాఱుట యొక గొల్లవానివలన. కథ నడుపువారు వేశ్య, దొంగ, జూదరి, అంగమర్దకుడు, బండివాండ్రు. చండాలురకును అందు మాటలున్నవి. పాత్రపాత్రకు వేఱువేఱు ప్రాకృతములు అన్ని మఱే సంస్కృతనాటకమునను లేవని పండితులే చెప్పుదురు. ఎవరి నోట వారి భాష యుండవలెనని శూద్రకు డెఱిగినంత మన నాగరకు లెఱుగకపోయిరి. రంగముపై నొక్క చుట్టు తిరిగినంతనే ఊరు మాఱినదని నమ్మించు సంప్రదాయము భరతుని నాటిది. దానిని గ్రంథములలో వెదకుకొనువారు పండితులు, కాళ్లతో నాడుచున్నవారు నాచా నటులు.

అయినను తొలియేండ్లు సుఖముగా సాగలేదు. దర్శకుడు నటులకు ఖడీబోలీ హిందీ నిచ్చెను. ఇచ్చట నిలువుము, అచ్చటికి నడువుము అని గీత గీచెను. ఊరిలో సింహములవలె నాడినవారు ఢిల్లీలో కొయ్యబొమ్మ లైరి. వారిలో పలువురకు అక్షరజ్ఞానము లేదు. పరుల భాషను కంఠస్థము చేయుటతోనే వారి శక్తి కరగిపోవుచుండెను. నాచాలో నవ్వు ఏవైపునుండి వచ్చిన ఆ వైపునకు నటుడు తిరుగును, వానికి కుడియెడమల లెక్క లేదు. అట్టివానికి గీత గీచిన ఫలమేమి? ఈ సత్యము గ్రహించుటకు తనకు పెక్కు సంవత్సరములు పట్టినదని తన్వీరుగారే తరువాత పలుమారులు చెప్పిరి. పిమ్మట వారికి ఛత్తీస్‌గఢీ భాషనే విడిచిపెట్టిరి, నడకను వారికే విడిచిపెట్టిరి. 1973లో రాయపూరున నాచా కళాకారులతో నొక శిబిరము నడపి, పాతప్రహసనములను జోడించి 'గావ్ కా నామ్ ససురాల్, మోర్ నామ్ దామాద్' అను నాటకమును వారిచేతనే కూర్పించిరి. అచ్చటినుండి ఆ బృందము నడక వేఱు. గ్రామీణుని కథ చెప్పెదనని వచ్చు దర్శకుడు తన భాషను వానినోట పెట్టినచో, మూగవానికి వేషము కట్టిన ట్లగును.

1975లో 'చరణ్‌దాస్ చోర్' వచ్చినది. విజయదాన్ దేథాగారు వ్రాసిన రాజస్థానీ జానపదకథ దీనికి మూలము. దొంగ యొకడు గురువునెదుట వేళాకోళమునకు నాలుగు వ్రతములు పట్టును: బంగారుపళ్లెమున భుజింపను, ఏనుగునెక్కి యూరేగను, రాణిని పెండ్లాడను, రాజ్యము నేలను. తనకెన్నడును అట్టి యోగము పట్టదని వాని ధీమా. అసత్యమాడకుమని గురువు అయిదవదానిని చేర్చును. తరువాత నాలుగును ఒకదానివెంట నొకటి వానిని వెదకికొని వచ్చును. వాడు కాదనును. తన్ను పెండ్లాడుమని కోరిన రాణి, నిరాకరింపబడి, ఈ సంగతి యెవరికిని చెప్పకుమని బతిమాలును. అబద్ధమాడనను వ్రతముండగా ఆ మాట యెట్లిచ్చును? రాణి వానిని చంపించును. సత్యమునకై ప్రాణమిచ్చినవాడు రాజర్షి కాడు, దొంగ! హరిశ్చంద్రుని చూచి చూచి కన్నీరు నింపుకొన్న తెలుగువారికి ఈ కథలోని కొఱడాదెబ్బ వేఱుగ చెప్పనక్కఱలేదు. నాటకమందలి పాటలకు సత్నామీల పంథీగీతముల బాణీలు తోడైనవి. సత్యమే దైవమని నమ్మి, గురు ఘాసీదాసు బోధనలతో అంటరానితనమును ధిక్కరించిన జాతి వారిది. 1982లో ఈ నాటకము ఎడింబరో ఉత్సవమున 'ఫ్రింజ్ ఫస్ట్' బహుమానము నందినది. పురుషులే స్త్రీవేషములు ధరించు నాచానుండి వచ్చిన యీ బృందమున, సంచారజాతివారగు దేవార్ స్త్రీలును చేరిరి. రాణివేషమున ఫిదాబాయి పేరుగాంచినది.

ఇంతవరకు స్తుతి. ఇక మఱియొక పక్షము కలదు. ఠాకూర్‌రామ్, మదన్‌లాల్, లాలూరామ్, భుల్వారామ్, గోవింద్‌రామ్ నిర్మల్కర్ మున్నగువారు తన్వీరుగారు కనిపెట్టిన నటులు కారు. వారంతకుముందే తమ సీమలో ప్రసిద్ధులు. రవేలీ గ్రామపు దావు మందరాజీ తన యాస్తిని వెచ్చించి పెంచిన మేళమున పేరు తెచ్చుకొన్నవారు వీరిలో కలరు. నటులు రాజధానికి పోగా పల్లెమేళములు చిక్కిపోయినవని ఛత్తీస్‌గఢ్‌వారు కొందఱు నేటికిని నొచ్చుకొందురు. ఆ నొప్పి నిరాధారము కాదు. దర్శకునికి రాజ్యసభాసభ్యత్వము (1972-78), 2002లో పద్మభూషణము లభించినవి. నటులకు? గోవింద్‌రామ్ నిర్మల్కరునకు పద్మశ్రీ వచ్చుటకు 2009 కావలసివచ్చినది. ఒకటి మాత్రము చెప్పవలెను: తన్వీరుగారు వారిని కూలికి పిలిచి పంపివేసినవారు కారు. యేండ్లతరబడి వారితోనే ప్రయాణము, వారితోనే భోజనము, వారితోనే దారిద్ర్యము. నయా థియేటరు ధనికసంస్థ యెన్నడును కాదు. కాని ఒక్కని మంచితనము వ్యవస్థ కానేరదు. నటునికి నాటకమున భాగము, వార్ధక్యమున భృతి శాసనముగా నుండవలెను గాని దర్శకుని దయగా నుండరాదు.

తన్వీరుగారి తుదిదశాబ్దములు కలహములతో గడచినవి. 'పోంగా పండిత్' అను ప్రహసనము వారి రచన కాదు. 1930ల నాటినుండి నాచా నటులే పల్లెలలో నాడుచున్నది. పాకీపనిచేయు స్త్రీ యొకతె పూజారిని ముప్పుతిప్పలు పెట్టుట అందలి కథ. ఎన్నియో యేండ్లు ఊరివారు చూచి నవ్విరి. 1992 తరువాతను, మరల 2003లోను దానిపై దాడులు జరిగినవి, ప్రదర్శనములు భగ్నమైనవి. పల్లెలో హాస్యమైనది పట్టణమున అపరాధ మెట్లయ్యెనో దాడిచేసినవారు చెప్పలేదు.

2009లో, తన్వీరుగారు మరణించి మూడు మాసములు నిండకమునుపే, సత్నామీ గురువర్గమువా రభ్యంతరము చెప్పగా ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము 'చరణ్‌దాస్ చోర్' పుస్తకమును నిషేధించెను. ఈ రెండవ కలహము మొదటిదానికంటె కఠినమైనది. ఏ జాతి పాటలతో నాటకము నడచినదో ఆ జాతి పెద్దలే నొచ్చుకొనిరి. తమ్ముగూర్చి పరులు చెప్పు కథను ప్రశ్నించు హక్కు వారికి లేదని మే మనజాలము. తరతరములుగా ఇతరులే తమ కథ చెప్పుచుండగా సహించినవారి కా హక్కు అందఱికంటె నెక్కువగా నున్నది. కాని ప్రభుత్వ మేమి చేయవలసియుండెను? రంగస్థలము నిచ్చి, ధనము నిచ్చి, మీ కథను మీరే యాడుడని పిలువవలసియుండెను. అట్లు చేయుటకు శ్రమయు వ్యయమును గలవు. నిషేధమునకు ఒక్క కాగితము చాలును.

మన సంగతి. 1892లో విజయనగరమున గురజాడవారి 'కన్యాశుల్కము' ఆడబడినపుడు ఎవరి నోట వారి మాట పలికినది. గ్రాంథికమున వ్రాయుచు ఈ మాట చెప్పుచున్నామని పాఠకులు నవ్వుకొందురేమో. పత్రికకు గ్రాంథికము చెల్లును, రంగముపై దాహమడుగు మనుజునికి చెల్లదు. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుగార్ల 'మా భూమి' తెలంగాణమందలి బందగీ కథను ఊరూర వినిపించి, నిషేధమునకు గురియైనది. తరువాత? 'హరిశ్చంద్ర' కాటిసీనులో జాషువాగారి పద్యములు దశాబ్దములపాటు మార్మ్రోగినవి. ఒన్స్‌మోర్ అని కేకలు వేసితిమి. ఆ కవి పుట్టిన వాడకథకు మాత్రము మన నాటకసమాజముల తెర లేచినది బహుస్వల్పము. సురభివారిచే తెలంగాణపు నుడికారమున 'బస్తీ దేవత యాదమ్మ' నాడించుటకు కన్నడదేశమునుండి బి.వి. కారంతుగారు రావలసివచ్చినది.

చిందు యక్షగానమును చూడుడు. మాదిగవాడల నాశ్రయించి జీవించు చిందువారు జాంబపురాణమును, ఎల్లమ్మకథను తరతరములుగా నాడుచున్నారు. నిజామాబాదు ప్రాంతపు చిందు ఎల్లమ్మ 2005లో గతించినది. స్త్రీయే పురుషవేషము ధరించి రాత్రియంతయు రంగము నేలుట ఆమెయందు చూచినవారు మఱువలేరు. 2024లో గడ్డం సమ్మయ్యగారికి పద్మశ్రీ నిచ్చిరి. సంతోషము. కాని మన విశ్వవిద్యాలయములందలి నాటకశాఖలలో ఉపాధ్యాయపీఠము నెక్కుటకు చిందు భాగవతునికి మార్గము కలదా? వానికి పట్టము లేదు. పట్టముగలవాడు వానిపై పరిశోధనము చేసి పట్టము పుచ్చుకొనుచున్నాడు! రంగమెక్కించినది వాని విద్యయే గదా.

ఈ ఉభయరాష్ట్రముల ప్రభుత్వములు తమ సంస్కృతిశాఖలద్వారా ఏటేట ఉత్సవములు జరుపుచున్నవి. చిందువారిని, బహురూపులను, జముకులవారిని ఊరేగింపు ముందఱ పదినిముషములు నడిపించి శాలువ కప్పుటతో వాని పని ముగియుచున్నది. ఆ ధనములో కొంతభాగముతో ప్రతి నాటకశాఖయందును ఇద్దఱు మేళపువారిని గురువులుగా, నెలజీతముపై, పట్టములతో నిమిత్తము లేక నియమించవచ్చును. వారితో ఆఱుమాసములు పనిచేసి, వారి యాసలోనే, వారి పేరును కర్తలుగా ప్రకటించి ఒక నాటకము కూర్చినగాని దర్శకత్వపట్ట మీయబడదని విధింపవచ్చును. దీనికి క్రొత్తచట్టము వలదు, విద్యాధికారుల సంతకము చాలును. వచ్చు విద్యాసంవత్సరమునకు ముందే ఏ విశ్వవిద్యాలయము ఆ సంతకము చేయునో చూచుటకు మేము వేచియున్నాము.