బుద్ధి వచ్చిందని ఎవరు చెప్పాలి?

మోసం చేసి బతికిన ఆడది కథలో మారాలంటే రెండే దారులు. హీరో కాళ్ల మీద పడి ఏడవాలి, లేదా అతనికి అడ్డం వెళ్లి గుండు తగిలించుకుని పోవాలి. మగాడు మారితే మాత్రం పెళ్లి, ఉద్యోగం, ఆఖర్న గ్రూపు ఫోటో! మన సినిమాలైనా, అమెరికా వాళ్ల కౌబాయ్ కథలైనా చాలావరకు ఇంతే.

అందుకే నాకు సమంతా క్రాఫర్డ్ అంటే ఇష్టం. 1957 నుంచి 1962 దాకా అమెరికాలో ఏబీసీ టీవీలో వచ్చిన ‘మావెరిక్’ సీరియల్లో పాత్ర ఈవిడ. డయాన్ బ్రూస్టర్ వేసింది. హీరో బ్రెట్ మావెరిక్ (జేమ్స్ గార్నర్) పేకాటతో పొట్ట పోసుకునే మనిషి. తుపాకీ తీయడం కన్నా మెల్లిగా తప్పుకోవడమే మేలంటాడు. అలాంటివాణ్ణి సమంత తను కనిపించిన మొదటి ఎపిసోడ్‌లోనే పేకాటలో ఓడించేస్తుంది. దొంగ ముక్క తీసి కాదు సుమా! ముందుగా అనుకోకపోతే వరస ముక్కలు చెల్లవని ఆట నియమాల పుస్తకం చూపించి. ఆమె మాట్లాడే దక్షిణాది యాస కూడా అరువుదే.

1958 నవంబర్ 23న ప్రసారమైన ‘షేడీ డీల్ ఎట్ సన్నీ ఏకర్స్’ ఎపిసోడ్ చూడండి. బ్రెట్ పేకాటలో గెలిచిన 15 వేల డాలర్లు రాత్రిపూట బ్యాంకరు చేతికిచ్చి రసీదు తీసుకుంటాడు. తెల్లారేసరికి ఆ పెద్దమనిషి ‘నువ్వెవరో నాకు తెలీదే’ అంటాడు. ఒకరు బ్యాంకరు, ఇంకొకరు జూదగాడు. ఊరు ఎవరి మాట నమ్ముతుందో వేరే చెప్పాలా? (జాన్ డెహ్నర్ ఆ బ్యాంకరుగా నవ్వే నవ్వు చూస్తే చెంప పగలగొట్టాలనిపిస్తుంది!)

బ్రెట్ మాత్రం వీధిలో కుర్చీ వేసుకుని కర్ర చెక్కుకుంటూ కూర్చుంటాడు. డబ్బేమైందని అడిగితే ‘ఆ పని మీదే ఉన్నా’ అంటాడు. ఊరు పగలబడి నవ్వుతుంది. ఈలోగా తమ్ముడు బార్ట్, అతనితోపాటు మరో అయిదుగురు ఎవరికి వారు కొత్తవాళ్లలా ఊళ్లోకి దిగుతారు. వాళ్లలో సమంత, సిండీ లూ బ్రౌన్ అని ఇద్దరు ఆడవాళ్లు. వాళ్లంతా కలిసి వాటాల బేరంతో బ్యాంకరు అత్యాశకే గాలం వేసి, ఆ 15 వేలూ రాబడతారు.

మోసాన్ని మోసంతో కొట్టొచ్చా అని పిల్లలు అడిగితే నేనైతే కొట్టమని చెప్పను. రసీదు చేతిలో ఉన్నా నమ్మని ఊళ్లో ఇంకేం చెయ్యాలో కూడా చెప్పలేను. నాకు నచ్చింది గాలం కాదు. ‘నువ్వు మారావా?’ అని సమంతని ఎవరూ నిలదీయరు. కన్నీళ్లు పెట్టించరు, ఎవరికో కట్టబెట్టరు. ఒక పని అప్పజెబుతారు. ఆమె అన్నమాట ప్రకారం చేసి పెడుతుంది.

బయట ఇదే జరగదు. జైలుకెళ్లి వచ్చిన ఆడమనిషిని వంటకో, కుట్టు పనికో పెట్టుకోవడానికి ఎన్ని గడపలు ఒప్పుకుంటాయి? తీసుకున్నా చెంచా కనపడకపోతే మొదటి చూపు ఆమె వైపే. మంచిగా ఉన్నానని రోజూ రుజువు చెయ్యమంటాం గానీ, ఒక్కసారి తాళం చెవి చేతికిచ్చి చూడం. అదే తప్పు చేసిన మగాడికైతే ‘కుర్రతనం, పోన్లే’ అనే మాట సిద్ధంగా ఉంటుంది. ఇది నాకు మింగుడుపడదు.

ఆ సీరియల్ మీద ఒక ఫిర్యాదు కూడా ఉంది. ఊరూరా తిరిగిన వాళ్లని వదిలేసి, కుర్చీలో కూర్చున్న బ్రెట్‌నే అందరూ గుర్తుపెట్టుకున్నారు. సమంతకి ‘మావెరిక్’లో దక్కినవి మొత్తం నాలుగే ఎపిసోడ్లు. అదే రోజుల్లో ఆ నటి ‘లీవ్ ఇట్ టు బీవర్’ అనే ఇంకో సీరియల్లో చిన్నపిల్లలకి పాఠాలు చెప్పే టీచరుగా కనిపించేది.