అడవిలో గజం ఎంత?

మా తోడల్లుడికి రిటైరు కావడానికి ఇంకా ఎనిమిదేళ్ళుంది. అయినా అతగాడికి ఇప్పటినుంచే వానప్రస్థం మీదికి మనసు పోయింది. వానప్రస్థమంటే పాతకాలపుది కాదు లెండి. నారచీరలూ కందమూలాలూ అక్కర్లేదు. చుట్టూ అడవి ఉండాలి, గేటు దాకా కారు వెళ్ళాలి, ఫోనుకి సిగ్నలు అందాలి. అన్నిటినీ మించి, పదేళ్ళు తిరిగేసరికి పెట్టిన డబ్బు నాలుగింతలు కావాలి. మన మహర్షులెవరికీ ఈ చివరి ఆలోచన తట్టినట్టు లేదు.

మొదట మారేడుమిల్లి అన్నాడు. "అది ఏజెన్సీ నాయనా. 1970 నుంచి 1/70 చట్టం ఉంది. గిరిజనేతరులు అక్కడ సెంటు భూమి కొనడానికి వీల్లేదు" అన్నాను. ఎవరో జేబు కొట్టేసినట్టు ముఖం పెట్టి వెళ్ళాడు. నెల తిరక్కుండా మళ్ళీ వచ్చాడు, ఈసారి ఫోటోలతో.

"అన్నయ్యగారూ, ఆగుంబె! అక్కడ మనలాంటివాళ్ళు కూడా కొనచ్చుట!"

నిజమే. వ్యవసాయదారు కానివాడు వ్యవసాయ భూమి కొనకూడదన్న నిబంధన కర్ణాటకలో పూర్వం ఉండేది. 2020లో దాన్ని తీసేశారు. ఆ కబురు మావాడి దాకా రావడానికి కొన్నేళ్ళు పట్టింది, అంతే.

ఆగుంబె శివమొగ్గ జిల్లా తీర్థహళ్ళి తాలూకాలో, పడమటి కనుమల అంచున ఉన్న చిన్న ఊరు. 1986లో దూరదర్శన్‌లో మొదలైన ‘మాల్గుడి డేస్’ మీలో చాలామంది చూసే ఉంటారు. శంకర్ నాగ్ దాన్ని చాలావరకు ఈ ఊళ్ళోనే తీశారు. ఆ పెంకుటిళ్ళూ ఆ అరుగులూ చూసి మా తోడల్లుడు మనసు పారేసుకున్నాడు. తప్పు లేదు, నేనూ పారేసుకున్నాను. మనసు పారేసుకున్న చోటల్లా స్థలం కొనాలని మాత్రం నాకు తోచలేదు.

ఆ ఫోటోల్లో కనిపించనిది ఒకటుంది. వాన. మన హైదరాబాదులో ఏడాది పొడుగునా పడేది 800 మిల్లీమీటర్లకి అటూ ఇటూ. ఆగుంబెలో ఏటా 7000 దాటుతుంది, అదీ చాలావరకు జూన్ నుంచి సెప్టెంబరు లోపల. జూలైలో అయితే మన ఏడాది వాన అక్కడ రెండు వారాల్లో తీరిపోతుంది.

ఒక ఆగస్టులో నాలుగు రోజులు అక్కడున్నాను. ఆరేసిన పంచె నాలుగోనాటికి కూడా ఆరలేదు. ఉప్పు నీరయింది, అగ్గిపుల్ల అంటుకోనంది, చెప్పులకి బూజు పట్టింది. తోటలోకి వెళ్ళొస్తే కాళ్ళకి జలగలు. కరెంటు ఎప్పుడు పోయిందో గుర్తులేదు, ఎప్పుడొచ్చిందో మాత్రం అందరూ కేక పెట్టి చెప్పారు. పెద్ద జబ్బు చేస్తే ఘాటు మలుపులు దిగి మణిపాల్ వైపు పోవాలి.

ఆ వానలోనే అక్కడివాళ్ళు బతుకుతున్నారు. నేనున్న ఇంటి యజమానిది రెండెకరాల వక్కతోట. వానాకాలంలో పోకగెలలకి కుళ్ళు తెగులు వస్తుంది. కొళెరోగ అంటారు. అది రాకుండా మైలుతుత్తం, సున్నం కలిపిన మందు కొట్టాలి. నున్నగా జారే చెట్టెక్కి, వాన తెరిపి ఇచ్చిన గంటలో కొట్టాలి. ఎక్కేవాడు దొరకడం లేదు. దీనికి తోడు ఈమధ్య ఆకుమచ్చ తెగులొకటి మలెనాడు తోటల్ని పట్టుకుంది.

"మా అబ్బాయి బెంగుళూరులో ఉన్నాడండీ. పండక్కి వస్తే రెండు రోజులుంటాడు. నా తరవాత ఈ తోట ఎవరు చూస్తారు?" అన్నాడాయన.

ఈ ప్రశ్నకి మా తోడల్లుడి దగ్గర సిద్ధంగా జవాబుంది: "నేను కొంటాగా! ఆయనకీ మేలేగా!"

మేలే అనుకుందాం. ఆయన భూమి ఆయనిష్టం, అమ్ముకునే హక్కు ఆయనకుంది. పట్నంలో ఫ్యాను కింద కూర్చుని "మీరు మాత్రం చీకట్లోనే ఉండండి, అడవి బాగుంటుంది" అని చెప్పేటంత పెద్దమనిషిని కాను నేను. వాళ్ళకి రోడ్డు కావాలి, ఆస్పత్రి కావాలి, వక్కకి ధర కావాలి. కాని ఆయన అమ్మేది ఒక్కసారి. ఆ తరవాత ఆ స్థలం చేతులు మారినప్పుడల్లా పెరిగే ధర బ్రోకరుకీ, మావాడికీ, మావాడి దగ్గర కొనేవాడికీ. రేపు బెంగుళూరు కుర్రాడికి బుద్ధి పుట్టి సొంతూరు వద్దామనుకుంటే, తండ్రి తోటలో పావు వంతు కూడా కొనలేడు. వాచ్‌మన్ ఉద్యోగం మాత్రం దొరకచ్చు.

బ్రోకరు ఫోటోలో తోట వెనకాల పచ్చటి గుట్ట ఉంది. "ఇది కూడా కలిపేనండీ" అన్నాట్ట. నాకు నవ్వొచ్చింది. అక్కడ తోటల్ని ఆనుకుని ‘సొప్పిన బెట్ట’ అని ఉంటుంది. సొప్పు అంటే ఆకు, రొట్ట. ఆ గుట్ట మీది ఆకు తెచ్చి తోటకి ఎరువుగా వేసుకునే హక్కు రైతుది, భూమి మాత్రం సర్కారుది. ఆకు కోసుకునే హక్కుని ఎకరాల లెక్కన అమ్మే ఘనులు పుట్టుకొచ్చారంటే, కొనే ఘనులున్నారనేగా!

పోనీ, కొన్నాడు. కొన్నవాడు ఊరుకుంటాడా? కారు కోసం జె.సి.బి. తెచ్చి గుట్ట కోస్తాడు. చూపుకి అడ్డమని చెట్లు కొడతాడు. వేళ్ళు పట్టుకున్నన్నాళ్ళే అక్కడ కొండ కొండగా ఉంటుంది. 2018 ఆగస్టులో కొడగులో కొండచరియలు విరిగిపడ్డాయి. 2024 జూలై 30 తెల్లవారుజామున వాయనాడులో నిద్రలో ఉన్న ఊళ్ళ మీద కొండ జారి రెండు వందల మందికి పైగా పోయారు. వాన ఎక్కువ పడింది, నిజమే. కోసిన కొండ మీద పడ్డ వానా, అడవి మీద పడ్డ వానా ఒకటి కావు.

"అక్కడి కొండ జారితే మనకేం?" అనే ప్రబుద్ధులకి ఇంకో మాట. ఆగుంబెకి తూర్పున పారే నీళ్ళు తుంగలో కలుస్తాయి. తుంగ భద్రతో కూడి కర్నూలు పక్కనుంచే వచ్చి కృష్ణలో పడుతుంది. నాలుగు నెలల వాననీ పట్టి ఉంచి ఏడాదంతా వదిలేది ఆ అడవి. మావాడు కొట్టించబోయే చెట్టు కింద మన కాలవ నీళ్ళున్నాయి.

బయటివాడు అక్కడ అడుగే పెట్టకూడదంటున్నానా? లేదు. రోములస్ విటేకర్ బయటివాడే. 2005లో అక్కడ వర్షారణ్య పరిశోధనా కేంద్రం పెట్టాడు. రాచనాగుల్ని చదవడానికి వెళ్ళినవాడు గనక అడవిని అడవిగానే ఉంచాడు. ఏం కావాలని వెళ్ళావన్నదే ప్రశ్న.

మన ఏజెన్సీ చట్టం చేసినవాళ్ళకి ఒక సంగతి తెలుసు. అడవిలో ఉన్నవాడికీ, డబ్బున్నవాడికీ బేరం జరిగితే చివరికి భూమి ఎటుపోతుందో తెలుసు. ఆ చట్టానికి కన్నాలు లేవనను, బినామీలు లేరనను. అయినా అడ్డుగా నిలబడింది. ఆగుంబెకి అటువంటి అడ్డు లేదు. అక్కడ అడ్డుపడాల్సింది కొనేవాడి బుద్ధే.

అందుకని మా తోడల్లుడితో చివరి మాటగా ఇలా అన్నాను: "ఒక పని చెయ్యి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆ ఊళ్ళో ఎవరింట్లోనైనా అద్దెకుండు. వాళ్ళు వండింది తిను, వాళ్ళ తోటలో పని చూడు. ఆ తరవాత కూడా కొనాలనిపిస్తే సాక్షి సంతకం నేను పెడతాను."

అతగాడు చాలాసేపు ఆలోచించాడు.

"అన్నయ్యగారూ, వానాకాలమే ఎందుకండీ? డిసెంబరులో నాలుగు రోజులుంటే చాలదూ?"

సంతకానికని తీసిన కలం మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాను.