పుట్టినింటి పోలికగల తోట



పారిసు చూచివచ్చినవారెల్లరు నైఫెలు గోపురమును గూర్చియే చెప్పుదురు. మేమును దానిని జూచితిమి. ఇనుము కావలసినంత కలదు. కాని మా మనస్సు నిలిచినది లుక్సెంబర్గు తోటయందు. దాని కథ యాడువారు వినదగినది.

దీనిని వేయించినది మేరీ ద మెడిచీ యను రాణి. ఆమె 1575లో ఇటలీలోని ఫ్లోరెన్సున జన్మించి, 1600లో ఫ్రాన్సు రాజగు నాలుగవ హెన్రీని వివాహమాడెను. 1610లో రాజు హంతకుని కత్తికి బలికాగా, ఎనిమిదేండ్ల కుమారుని పేర రాజ్యభారము వహించెను. 1612లో ఈ స్థలము గొని, తాను బెరిగిన పిట్టీ భవనపు పటములను దెప్పించి, అట్టి మేడను గట్టుమని సాలమోన్ ద బ్రోస్ అను శిల్పిని నియోగించెను. పుట్టినింటి పోలిక యత్తవారింట గనబడవలెనను కోరిక రాణులకును దప్పదు కాబోలు! మనము మల్లెయంటు దెచ్చుకొందుము; ఆమె మేడనే తెచ్చుకొనజూచెను.

గృహప్రవేశము 1625లో జరిగెను. ఆ సుఖము ఆరేండ్లే. కుమారుడు మంత్రియగు రిషెల్యూ పక్షము వహింపగా, ఆమె 1631లో దేశము విడిచి, 1642లో జర్మను నగరమగు కొలోనులో గన్నుమూసెను. మేడను మఱల జూడనేలేదు.

నేడు ఆ మేడలో సెనేటు సభ జరుగును. తోటలో మధ్యనున్న పూలమళ్లచుట్టును ఇరువదిమంది రాణులయు ప్రసిద్ధస్త్రీలయు శిలావిగ్రహములు కలవు. మేరీయు వారిలో నొకతె. ఎనిమిది మూలల కొలనిలో పిల్లలు చిన్నతెరచాప పడవలను కఱ్ఱలతో నెట్టుచుందురు. 1856 నుండి తేనెటీగల పెంపకమును గలదు.

మమ్ము ముగ్ధులను జేసినవి మాత్రము పచ్చరంగు వేసిన యినుపకుర్చీలు. పూర్వము వీనికి రుసుము గైకొనుటకు స్త్రీలు తిరుగుచుండెడివారట. 1974 నుండి రుసుము లేదు. ఎవరికి నచ్చినచోటికి వారు జరుపుకొనవచ్చును. మా ప్రక్కనే యొక వృద్ధురాలు ఒంటరిగా గూర్చుండి పుస్తకము చదువుచుండెను. ఎవరి తాలూకని గాని, ఏల వచ్చితివని గాని యామెను అడిగినవారు లేరు. మా యూరి పార్కున బల్లలన్నియు పేకాటరాయుళ్లవే. ఆడువారికి ఉయ్యెలలచెంత నిలుచుటకే చోటు. మునిసిపాలిటీవారు నాలుగు కుర్చీలు వేసిన నేమి పోవును?

మావారు గడియారము జూపిరి. మఱియొక యరగంట గోరి, కుర్చీని నీడలోనికి లాగుకొంటిమి.