నమ్మకం ఉంటే కాగితం ఎందుకంటారా?

"అగ్రిమెంటెందుకు బాబూ, మనలో మనకి ఏటి?" శ్రీకాకుళంలో బలగ నుంచి ఇల్లీసుపురం దాకా, విజయనగరంలో కంటోన్మెంటు నుంచి దాసన్నపేట దాకా, ఇల్లు అద్దెకిచ్చే పెద్దమనుషులు ఈ మాట ఎంతో ఆప్యాయంగా అంటారు. అద్దె చట్టాలు హైదరాబాదుకీ విశాఖకీ గానీ మనలాంటి ఊళ్లకు అక్కర్లేదంటారు. అంతగా కావాలంటే పదకొండు నెలల కాగితం రాసుకుంటే చాలంటారు. ఎవరినైనా పన్నెండేళ్లు ఉంచితే ఇల్లు వాళ్లదైపోతుందని ఆ వెంటనే హెచ్చరిస్తారు. అపార్ట్‌మెంట్లు చూసుకునేవాళ్లకు శిక్షణ ఉండాలని ఎవరైనా అంటే, వాచ్‌మన్ ఉన్నాడు కదా, ఇంకా చదువులెందుకని కొట్టిపారేస్తారు. ఈ మాటలన్నీ తప్పు. వీటివల్ల నష్టపోతున్నది అద్దెకుండేవాళ్లే కాదు, ఇళ్ల యజమానులు కూడా.

ముందు ఆ పదకొండు నెలల కాగితం సంగతి చూద్దాం. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర ఏ దస్తావేజు లేఖరినడిగినా కంప్యూటర్లో సిద్ధంగా ఉన్న నమూనా తీసి పేర్లు మార్చి ఇస్తాడు. వంద రూపాయల స్టాంపు పేపరు మీద ఇంటి నంబరు, అద్దె, అడ్వాన్సు, నాలుగు సరిహద్దులు, కింద సాక్షుల కోసం రెండు ఖాళీ గీతలు ఉంటాయి. చాలా కాగితాల్లో ఆ గీతలు ఖాళీగానే మిగులుతాయి. పంపు పాడైతే ఎవరు బాగుచేయించాలో, ఖాళీ చేసేటప్పుడు సున్నం ఖర్చు ఎవరిదో, అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలో అందులో ఒక్క ముక్క ఉండదు. పదకొండు నెలలన్న మాట మాత్రం కచ్చితంగా ఉంటుంది.

ఈ పదకొండు ఎక్కడిది? ఏడాది మించిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ అంటుంది. ఏడాదికి ఒక నెల తక్కువ రాసుకుంటే ఆ బాధ తప్పుతుందని దేశమంతా పాటించే ఉపాయం ఇది. కానీ మన రాష్ట్రంలో ఈ ఉపాయం పనికిరాకుండా పోయి పాతికేళ్లు దాటింది. ఆంధ్రప్రదేశ్ 1999లో 4వ నంబరు చట్టంతో ఆ సెక్షన్‌ను సవరించి, కాలపరిమితి మాటే తీసేసింది. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి ఇక్కడ రాసుకున్న ఏ లీజు పత్రమైనా, పదకొండు నెలలదైనా మూడు నెలలదైనా, రిజిస్టరు కావాల్సిందే. కాకపోతే ఏమవుతుంది? అదే చట్టం 49వ సెక్షన్ ప్రకారం ఆ కాగితంలోని షరతులు కోర్టులో రుజువుగా నిలవవు. తగిన స్టాంపు లేకపోతే కట్టాల్సిన డ్యూటీతో పాటు దానికి పది రెట్ల దాకా జరిమానా కట్టించుకుంటే తప్ప కోర్టు దాన్ని స్వీకరించదు.

రిజిస్టరు కాని లీజు కింద ఇంట్లో ఉంటూ అద్దె కడుతున్న మనిషిని నెలవారీ అద్దెదారుగానే చూడాలని సుప్రీంకోర్టు 2000లో ఆంథోనీ వర్సెస్ కె.సి. ఇట్టూప్ అండ్ సన్స్ కేసులో చెప్పింది. నెలవారీ అద్దె అంటే, వేరే ఒప్పందమో స్థానిక చట్టమో అడ్డు రాకపోతే, ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం పదిహేను రోజుల నోటీసుతో ఇద్దరిలో ఎవరైనా తెంచుకోవచ్చు. పిల్లల చదువు మధ్యలో ఇల్లు మారక్కర్లేదన్న ధీమాతో కాగితం రాయించుకున్న ఉద్యోగికి ఆ ధీమా లేదు. ఏడాదిదాకా అద్దె ఆగదనుకున్న యజమానికీ లేదు. ఇద్దరూ డబ్బులిచ్చి రాయించుకున్న కాగితం ఇద్దరికీ అక్కరకు రాకుండా బీరువాలో పడుంటుంది.

పన్నెండేళ్ల భయం ఇంకా పాతది. కాలపరిమితి చట్టంలోని 65వ అధికరణం పన్నెండేళ్ల మాట చెబుతుంది, నిజమే. కానీ ఆ లెక్క యజమాని హక్కును కాదని, తనదేనని బాహాటంగా ఆక్రమించి ఉన్నవాడికి; చట్టం దీన్నే ప్రతికూల స్వాధీనం అంటుంది. యజమాని అనుమతితో తాళం తీసుకుని, నెలనెలా అద్దె ఇస్తున్నవాడు పన్నెండేళ్లున్నా ముప్పై ఏళ్లున్నా అద్దెదారే. పైగా తనకు ఇల్లిచ్చినవాడికి ఆ ఇంటిమీద హక్కు లేదని వాదించే వీలు కూడా అద్దెదారుకు సాక్ష్య చట్టం ఇవ్వలేదు. 2019 ఆగస్టులో రవీందర్ కౌర్ గ్రేవాల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, అద్దెకున్నవాళ్లు ఇళ్లు కాజేస్తారని వాట్సాప్‌లో సందేశాలు తిరిగాయి. ప్రతికూల స్వాధీనంతో హక్కు పొందినవాడు తానే దావా వేయవచ్చా అన్నదే ఆ కేసులో ప్రశ్న. అద్దెదారుల సంగతి అందులో లేదు. అద్దె రసీదు ఇవ్వడానికి భయపడే యజమానులు ఒకటి గమనించాలి: "ఈయన నాకు అద్దెదారు" అని రేపు కోర్టులో నిరూపించుకోవడానికి పనికొచ్చేది ఆ రసీదే. దాన్ని ఇవ్వకుండా తమ రుజువును తామే చేజార్చుకుంటున్నారు.

రసీదు ఇవ్వకపోవడానికి అసలు కారణం పన్ను అని అందరికీ తెలుసు. ఏడాదికి లక్ష దాటిన అద్దెకు ఇంటి అద్దె భత్యం మినహాయింపు కావాలంటే ఉద్యోగి యజమాని పాన్ నంబరు చూపాలి. అది అడిగితే "ఇల్లు వేరే చూసుకోండి" అన్న జవాబు వస్తుంది. అద్దె ఆదాయంలో ముప్పై శాతాన్ని, రిపేరు చేయించినా చేయించకపోయినా, ఆదాయపు పన్ను చట్టమే లెక్కలోంచి తీసేస్తుందని చాలామంది యజమానులకు ఎవరూ చెప్పలేదు.

ఇక చట్టం అద్దెదారు పక్షమని యజమానులు చేసే ఆరోపణకు ఒకప్పుడు కొంత ఆధారం ఉండేది. 1960 నాటి భవనాల లీజు, అద్దె, ఖాళీ నియంత్రణ చట్టం కింద వేసిన కేసులు ఏళ్ల తరబడి నడిచాయి. పెన్షన్‌కు తోడు ఒక్క వాటా అద్దెమీద బతికే రిటైర్డు మాస్టారికి ఆ భయం ఉండటం సహజం, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ ఆ చట్టం ఎందరికి వర్తించిందో కూడా చూడాలి. 2005 సవరణతో, కట్టి పదిహేనేళ్లు నిండని ఇళ్లు దాని పరిధిలోంచి బయటికెళ్లాయి. అప్పటికి కార్పొరేషన్లలో 3,500 రూపాయలు, మిగతాచోట్ల 2,000 దాటిన అద్దెలూ బయటికెళ్లాయి. శ్రీకాకుళం, విజయనగరం 2015 దాకా మున్సిపాలిటీలే, అంటే ఇక్కడ వర్తించింది 2,000 లెక్కే. మన ఊళ్లలో కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్లకు ఆ చట్టంతో పనే పడలేదు. లేని రక్షణను చూపించి అద్దెదారుల మీద నింద వేస్తున్నాం.

ఆ పాత చట్టం స్థానంలో 2017లో మన రాష్ట్రం నివాస, నివాసేతర ప్రాంగణాల అద్దె చట్టం తెచ్చింది. దానికి మూలం రాతపూర్వక ఒప్పందం. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించాక, ఆ దారిలో చట్టాలు మార్చుకున్న నాలుగు రాష్ట్రాల్లో తమిళనాడు, ఉత్తరప్రదేశ్, అస్సాంలతో పాటు ఆంధ్రప్రదేశ్‌ను కేంద్రం లెక్కగట్టింది. చట్టాలు పెద్ద నగరాలకేనన్న వాదన అక్కడితో పోయింది.

ఆ నమూనా చట్టాన్ని ఒక్కసారి చదివితే, ఎవరి పక్షమన్న గొడవ కొంత తగ్గుతుంది. నివాస గృహానికి అడ్వాన్సు రెండు నెలల అద్దె మించకూడదు. యజమాని ఇంట్లోకి రావాలంటే ఇరవైనాలుగు గంటల ముందు చెప్పాలి. అద్దె పెంచాలంటే మూడు నెలల ముందు రాసివ్వాలి. అద్దెదారు గడువు దాటాక ఖాళీ చేయకపోతే మొదటి రెండు నెలలు రెట్టింపు అద్దె, ఆపైన నాలుగు రెట్లు కట్టాలి. ఇందులో యజమానికి అన్యాయం ఎక్కడుంది? రిపేర్ల పట్టిక కూడా అందులోనే ఉంది. గోడలకు సున్నం, తలుపులకు రంగు, నీళ్ల పైపులు, కరెంటు వైరింగు యజమానివి. కుళాయి వాషరు, స్విచ్చులు, సాకెట్లు, డ్రైనేజీ శుభ్రం చేయించడం అద్దెదారువి. మన అపార్ట్‌మెంట్లలో మెట్ల మీద జరిగే తగాదాల్లో చాలావరకు ఈ పట్టిక గేటు దగ్గర అంటిస్తే తీరిపోతాయి.

తగాదా ముదిరితే మనవాళ్లు చేసేదేమిటి? మోటారు ఆపేస్తారు. ఫ్యూజు పీకేస్తారు. రెండో తాళం వేస్తారు. నీళ్లు, కరెంటు ఆపకూడదని నమూనా చట్టం చెబుతోంది, 1960 చట్టమూ చెప్పింది. తాళం వేసి వెళ్లగొడితే, ఆరు నెలల్లోగా దావా వేసి స్వాధీనం తిరిగి పొందే దారి నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్‌లో ఉంది. అప్పుడు ఇల్లెవరిదన్న ప్రశ్న కూడా కోర్టు అడగదు. అటు అద్దెదారులూ తక్కువ తినలేదు. రెండు నెలలు కట్టకుండా కూర్చుని "అడ్వాన్సులో కోసుకోండి" అనేవాళ్లు, చెప్పకుండా మరొకరికి గది అప్పగించేవాళ్లు ఉన్నారు. రాతకోతలు సరిగా ఉంటే వాళ్లనీ నిలదీయవచ్చు.

నమ్మకం సంగతికొద్దాం. ఆ నమ్మకం ఎవరికి దొరుకుతోంది? ఫోనులో అద్దె మాట కంటే ముందు వచ్చే ప్రశ్న "మీ ఇంటిపేరేటండీ?" మన జిల్లాల్లో ఇంటిపేరు చెబితే కులం తెలిసిపోతుంది. తెలియకపోతే ఊరు, ఊళ్లో వీధి అడుగుతారు. ఆ తర్వాత "నిన్ననే ఎవరికో ఇచ్చేశామండీ" అంటారు, టూలెట్ బోర్డు మాత్రం గేటుకు వేలాడుతూనే ఉంటుంది. అంటరానితనం పేరిట ఏ ప్రాంతంలోనైనా నివాస గృహంలో ఉండనివ్వకపోవడం 1955 నాటి పౌర హక్కుల పరిరక్షణ చట్టం కింద నేరం. ఉద్యోగం వచ్చి మొదటిసారి పట్నం చేరిన దళిత టీచరును, పార్వతీపురం కొండల నుంచి నర్సింగు చదువుకు వచ్చిన గిరిజన అమ్మాయిని ఈ "మనలో మనకి" అన్న మాట బయటే నిలబెడుతోంది. నాకు ఈ వాదనలన్నింటిలో అత్యంత బాధ కలిగించేది ఇదే.

మన పట్టణాలు ఇప్పుడు ఒకరినొకరు ఎరిగినవాళ్ల ఊళ్లు కావు. పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసే కుర్రాళ్లు రణస్థలం చుట్టుపక్కల గదుల్లో ఉంటారు. రాజాంలో ఇంజనీరింగు విద్యార్థులు, ఎచ్చెర్లలో విశ్వవిద్యాలయం పిల్లలు, రెండు జిల్లా కేంద్రాల్లోనూ వైద్య కళాశాలల సిబ్బంది ఉన్నారు. భోగాపురం విమానాశ్రయం పని మొదలయ్యాక బయటి రాష్ట్రాల మనుషులు వచ్చారు. మరోవైపు, ఇల్లు కట్టిన మన సిక్కోలు మనిషి తాను మాత్రం హైదరాబాదులోనో చెన్నైలోనో పనిలో ఉంటాడు. తాళాలు బావమరిది దగ్గరో బ్రోకరు దగ్గరో ఉంటాయి. ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒకరి ముఖం ఒకరు చూడని చోట నమ్మకం ఎవరిని పట్టుకుని నిలుస్తుంది? 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపానులు వచ్చినప్పుడు పైకప్పులు ఎగిరిపోతే రిపేరు ఎవరిదో తేల్చే మనిషి లేకపోయాడు. తుపానుకు ఇల్లు ఉండటానికి శాశ్వతంగా పనికిరాకుండా పోతే లీజు రద్దు చేసుకోవచ్చని, తాను చేయించాల్సిన రిపేరును యజమాని నోటీసు ఇచ్చినా చేయించకపోతే అద్దెదారు చేయించి ఆ ఖర్చు అద్దెలో తగ్గించుకోవచ్చని ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో 1882 నుంచీ ఉంది.

అందుకే శిక్షణ కావాలంటున్నాను. నమూనా చట్టంలో ప్రాపర్టీ మేనేజర్ గురించి ప్రత్యేకంగా నిబంధనలున్నాయి. అద్దె వసూలు, రిపేర్లు, తనిఖీ, నోటీసులు, తగాదా సర్దుబాటు అతని పనులు. మన దగ్గర ఈ పనులన్నీ బ్రోకరు, అసోసియేషన్ సెక్రటరీ, వాచ్‌మన్ పంచుకుని చేస్తున్నారు, ఒక్కరికీ ఎవరూ నేర్పలేదు. ఇళ్లు అమ్మే ఏజెంటు స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) కింద నమోదు కావాలి. మహారాష్ట్ర రెరా 2023లో అలాంటి ఏజెంట్లకు శిక్షణ, పరీక్ష తప్పనిసరి చేసింది. అద్దె ఇళ్లు చూపించే బ్రోకరు మాత్రం రెరా నిర్వచనంలోకే రాడు. వేల్స్‌లోనైతే 2016 నవంబరు నుంచి, ఇల్లు అద్దెకిచ్చి తానే నిర్వహించుకునే యజమాని అయినా, అతని తరఫు ఏజెంటు అయినా, శిక్షణ పొంది లైసెన్సు తీసుకోవాల్సిందే. వేల్స్ జనాభా ముప్పై లక్షల పైచిలుకు. 2011 లెక్కల ప్రకారం మన రెండు ఉమ్మడి జిల్లాల జనాభా యాభై లక్షలు. చిన్న ఊళ్లం మనకెందుకు అనే మాట ఇక చెల్లదు.

పెద్ద కాలేజీ పెట్టమని ఎవరూ అడగడం లేదు. వారం రోజుల తరగతి చాలు: ఒప్పందం రాయడం, రిజిస్ట్రేషన్, రసీదు, రిపేర్ల పట్టిక, నోటీసు, లిఫ్టు, నీళ్ల ట్యాంకు, అగ్నిప్రమాద జాగ్రత్తలు, కులం అడగకూడదన్న పాఠం. రెండు జిల్లాల న్యాయ సేవాధికార సంస్థలకు చట్టం మీద అవగాహన కల్పించే బాధ్యత ఎలాగూ ఉంది. నగరపాలక సంస్థలు బ్రోకర్లనూ అసోసియేషన్ సెక్రటరీలనూ పిలిపించి ఆ తరగతిలో కూర్చోబెట్టాలి. దస్తావేజు లేఖరుల కంప్యూటర్లలో ఉన్న పదకొండు నెలల నమూనా తీయించి, తెలుగులో సరైన ఒప్పంద నమూనా పెట్టించాలి. అద్దె తగాదాలు వినే అధికారి ఎవరో, ఏ రోజు, ఏ గదిలో కూర్చుంటారో శ్రీకాకుళం, విజయనగరం కలెక్టరేట్ల నోటీసు బోర్డుల మీద రాయించాలి.