దలాల్‌కీ తాలీం కావాలి



మన ఇళ్లల్లో నిఖాకి వంటమనిషిని పెట్టుకోవాలన్నా నలుగురిని వాకబు చేస్తాం. జిందగీ మొత్తం కమాయి పోసి జాగా కొనేటప్పుడు మాత్రం దలాల్ గురించి ఏమీ అడగం. "తెలిసినోడే", "నమాజీ మనిషి", "మామూ దోస్త్". మన తహకీకాత్ అంతటితో ఖతం. నమాజీ కావడం మంచిదే. కానీ ఈమాన్‌దారీ వేరు, ఇల్మ్ వేరు. కాగజ్ చదవడం రాని ఈమాన్‌దార్ కూడా మన ఇంటిని ముంచేయగలడు.

గోవాడ అంటే అందరికీ గుర్తొచ్చేది చక్కెర ఫ్యాక్టరీ, చుట్టూ చెరకు. అక్కడ ఉండే మా ఫుప్పూ, కువైట్‌లో ఉన్న కొడుకు పంపిన పైసలతో ప్లాట్ కొనాలనుకుంది. దలాల్ రోడ్డు వెడల్పు చెప్పాడు, ధర చెప్పాడు, రెండేళ్లలో డబుల్ అవుతుందన్నాడు. రెరా నంబర్ ఏదని అడిగితే "పంచాయతీ అప్రూవల్ ఉంది ఖాలా" అన్నాడు. 22-ఏ జాబితా చూశావా అని నేనడిగితే "అదేంటి భాయ్?" అన్నాడు. అతని మనసులో ధోఖా లేదు. నిజంగానే తెలీదు. బయానా ఇవ్వకుండా ఆగాం.

22-ఏ అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని జమీన్ల జాబితా. సర్కార్ భూములు, అసైన్డ్ భూములు, దేవాదాయ భూములు, మన వక్ఫ్ జమీన్లు అందులో ఉంటాయి. దలాల్ పనికి ఇది అలిఫ్ బే లాంటిది.

పైగా ఒకసారి నేర్చుకుంటే సరిపోయే పని కాదిది. పేదలకు సర్కార్ ఇచ్చిన అసైన్డ్ జమీన్ అమ్మకం 1977 చట్టం ప్రకారం చెల్లదు. 2023లో దాన్ని సవరించి, 20 ఏళ్లు నిండిన అసలు పట్టాదారులకు హక్కు ఇచ్చారు. అదే ఏడాది ల్యాండ్ టైటిలింగ్ చట్టం అమల్లోకి వచ్చింది, 2024లో రద్దయింది. 2025లో వక్ఫ్ చట్టం మారింది. అంతెందుకు, 2022 ఏప్రిల్ 4న జిల్లాయే మారిపోయింది. గోవాడ పాత దస్తావేజుల్లో విశాఖపట్నం జిల్లా అని ఉంటుంది, ఇప్పుడది అనకాపల్లి జిల్లా. పదేళ్ల కిందటి ఇల్మ్‌తో ఈరోజు జాగా చూపించేవాడు, గడువు తీరిన దవా అమ్మేవాడితో సమానం.

మరి ఖానూన్ ఏమంటోంది? 2016 రెరా చట్టం ప్రకారం రిజిస్టర్డ్ ప్రాజెక్టుల్లో ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మించే ఏజెంట్ తానూ రిజిస్టర్ కావాలి. కాకుండా అమ్మిస్తే రోజుకు 10,000 రూపాయల జుర్మానా, ఆ ప్లాట్ ధరలో 5 శాతం దాకా. కొనేవారికి రావలసిన కాగజ్‌లన్నీ బుకింగ్ నాడే అందేలా చూడడం కూడా అతని జిమ్మేదారీ. బాగుంది. కానీ దరఖాస్తు, ఫీజు, కాగజ్‌లు అడిగిన ఆ చట్టం "నీకు ఈ పని తెలుసా?" అని మాత్రం అడగలేదు.

అడిగిన చోట్లున్నాయి. మహారాష్ట్ర రెరా 2023లో ఏజెంట్లకు ట్రైనింగ్, ఇమ్తెహాన్ లాజిమీ చేసింది. మనవాళ్లు బతుకుతెరువుకి వెళ్లే దుబాయ్‌లో తాలీం పొంది, పరీక్ష పాసైతేనే బ్రోకర్ కార్డు. అమెరికాలోని కాలిఫోర్నియాలో ప్రతి 4 ఏళ్లకు లైసెన్స్ రెన్యూవల్ కావాలంటే 45 గంటల చదువు చూపించాలి. అంటే అక్కడ దలాల్ రిటైరయ్యేదాకా తాలిబే ఇల్మే.

"30 ఏళ్లుగా ఈ పనిలో ఉన్న చాచాని ఇప్పుడు పరీక్ష రాయమంటే ఆయన రోజీ పోదా?" అంటారు. న్యాయమైన సవాలే. అందుకే తాలీం తెలుగులో, ఉర్దూలో ఉండాలి, మండలం స్థాయిలో జరగాలి, ఫీజు మామూలు మనిషికి అందాలి. చాచాకి ఊరి గట్లు, మనుషులు, తగాదాలు తెలుసు. దానికి ఖానూన్ తోడైతే ఆయన కదర్ పెరుగుతుందే గానీ తగ్గదు. ఆయన రోజీ గురించి ఆలోచించేటప్పుడు, ఎడారి ఎండలో సంపాదించిన కొడుకు రోజీ గురించి కూడా ఆలోచించాలి కదా.

కాబట్టి నా మాట సాఫ్‌గా చెబుతాను. ఆంధ్రప్రదేశ్ రెరా కూడా ఏజెంట్ రిజిస్ట్రేషన్‌కి ముందు ఒక ఇమ్తెహాన్ పెట్టాలి. రెన్యూవల్ అప్పుడు మారిన చట్టాల మీద మళ్లీ తాలీం ఇవ్వాలి. ఈ మాట మన ఎమ్మెల్యేలని, మన అంజుమన్‌లని అడగనివ్వండి.

అది వచ్చేదాకా ఇమ్తెహాన్ మనమే పెడదాం. ప్లానింగ్ ఏరియాలో 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 12 సెంట్లు దాటిన లేఔట్ అయితే రెరా నంబర్ అడగండి. దలాల్ సొంత రిజిస్ట్రేషన్ నంబర్ కూడా అడగండి. 22-ఏ చూశాడా, ఈసీ తీశాడా అడగండి. అగ్రిమెంట్ రిజిస్టర్ కాకుండా ధరలో 10 శాతం కంటే ఎక్కువ అడ్వాన్స్ తీసుకోవడం రెరా చట్టానికి ఖిలాఫ్ అని చెప్పి, అతని మొహం చూడండి. కోపమొస్తే వేరే దలాల్ని వెతుక్కోండి. "తెలుసుకుని చెబుతాను" అంటే అతనికి ఒక అవకాశం ఇవ్వండి. తాలీం అక్కడే మొదలవుతుంది.