పసిపిల్లలతో నాగార్జునకొండకా?

సెలవులు రాగానే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి సంసారాలకు సంసారాలే సాగర్‌కు తరలి, లాంచీలో నాగార్జునకొండకు పోవడం పరిపాటి. ఆనకట్ట, ఎత్తిపోతల, కొండ అన్నీ ఒక్కరోజులోనే చుట్టబెట్టాలన్న తాపత్రయంతోనే వస్తుంది చిక్కు. తెల్లవారకముందే లేపిన పిల్లలు లాంచీ ఎక్కే వేళకే సొమ్మసిల్లుతారు. పెద్దలకేమో ఫోటోల తొందర!

పిల్లలున్నవారికి ఆ రోజుకు కొండ ఒక్కటే చాలు. 1954-60 నడుమ తవ్వకాలలో దొరికిన శిల్పాలు అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. జలాశయంలో మునిగిన లోయ నమూనా కూడా ఉంది. మనం లాంచీలో దాటిన నీళ్ల అడుగున ఇదంతా ఉండేదని చెబితే ఐదేళ్ల పిల్లవాడైనా కళ్లు విప్పి చూస్తాడు. శుక్రవారం మాత్రం మ్యూజియానికి సెలవు. దిగగానే తిరుగు లాంచీ ఎప్పుడో అడిగి, పాలు, నీళ్లు, గొడుగు వెంట ఉంచుకోవాలి.

అసలు మాట లైఫ్ జాకెట్ల గురించి. పెద్దల జాకెట్టు మూడేళ్ల పిల్లకు తొడిగితే నీటిలో తలమీదుగా జారిపోతుంది. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు వద్ద బోటు మునిగిన సంగతి అప్పుడే మరిచామా? టిక్కెట్టు కొనకముందే పిల్లల కొలత జాకెట్టు చూపమనండి. లేదంటే ఎక్కకండి, నవ్వేవారిని నవ్వనివ్వండి. అడిగితే తప్ప ఇవ్వని పద్ధతి మాని, రెండు రాష్ట్రాల పర్యాటక శాఖలూ తమ తమ రేవుల్లో పిల్లల జాకెట్లను టిక్కెట్ల కిటికీ పక్కనే వేలాడదీయించాలి.